జింకకీ, దూరపు టార్గెట్‌కీ ఒకే బాణం: నా అనుభవం

విజయవాడలో కాలేజీ రోజుల్లో కాంపౌండ్ విల్లు, అంటే కొసల్లో కప్పీలుండే విల్లు, పట్టుకున్నప్పుడు బాణాలు ఎంచుకునే పని నాకు లేదు. కోచ్ గారు ఏవి ఇస్తే అవే. సన్నటి షాఫ్టులు, అంటే బాణం కాడలు; వెనక చిన్న వేన్లు, అంటే ఈకల్లాంటి ప్లాస్టిక్ రెక్కలు. 50 మీటర్ల దూరంలో 80 సెంటీమీటర్ల టార్గెట్ ఫేస్, దాని మధ్యలో 8 సెంటీమీటర్ల పది పాయింట్ల వలయం. బాణం వెళ్ళి గుచ్చుకుంటే చాలు, ఎంత లోతుకు దిగిందని ఎవరూ అడగరు.

పెళ్ళయి డాలస్ వచ్చాక చాలా ఏళ్ళు విల్లు ముట్టుకోలేదు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచేసరికి మళ్ళీ మనసు లాగింది. ఓ విల్లు కొనుక్కుని దగ్గర్లోని రేంజ్‌కి వెళ్ళడం మొదలుపెట్టాను. అదే రేంజ్‌కి మా ఆఫీసులో పనిచేసే ఒక పెద్దాయన వచ్చేవారు. టెక్సాస్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. ఊరికి దూరంగా ఆయనకు పొలం ఉంది, దాన్ని అడవి పందులు తవ్వి పోస్తున్నాయి. అక్టోబరులో జింకల సీజన్ కూడా ఉంటుంది, వస్తావా అని అడిగారు.

మన దగ్గర 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక వేట అన్న మాటే కేసు కింద లెక్క. ఇక్కడ సంగతి వేరు. టెక్సాస్‌లో అడవి పందిని పంటకు శత్రువుగానే చూస్తారు. సొంతదారు ఒప్పుకుంటే ప్రైవేటు భూమిలో పందిని వేటాడడానికి 2019 నుంచి లైసెన్సు కూడా అక్కర్లేదు. జింకకు మాత్రం లైసెన్సు కావాలి, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సూ కావాలి. ఆ కోర్సు ఆన్‌లైన్లో పూర్తిచేశాను. అమ్మకు ఫోన్లో చెబితే, "చేపలు కోస్తుంటేనే వంటింట్లోంచి పారిపోయేదానివి, నువ్వు వేటకా!" అని నవ్వింది.

కాగితాల పని తేలిగ్గానే అయిపోయింది. టెన్షన్ అంతా బాణాల దగ్గర మొదలైంది.

నాకు కావలసింది ఒకటే రకం బాణం. వారమంతా 50, 60 గజాల్లో సాధన చేసి, సీజన్‌లో దాంతోనే వేటకు వెళ్ళాలి. రెండు రకాలు పెట్టుకోవచ్చు కదా అని చాలామంది అన్నారు. పెట్టుకుంటే సైట్ మీద, అంటే విల్లుకు బిగించిన గురి సాధనం మీద, రెండు రకాల గుర్తులు, విల్లుకు రెండు రకాల ట్యూనింగ్. చెట్టు మీద స్టాండ్‌లో గుండె దడదడలాడుతున్నప్పుడు ఇది ఏ బాణం, దీనికి ఏ గుర్తు అని ఆలోచించే ఓపిక నాకు లేదు.

షాపులో టెక్నీషియన్ ముందు నా కొలతలు తీసుకున్నాడు. డ్రా లెంగ్త్, అంటే నారిని వెనక్కి లాగే దూరం, 27 అంగుళాలు. విల్లును స్కేలుకు తగిలించి లాగితే డ్రా వెయిట్, అంటే లాగడానికి పట్టే బలం, 50 పౌండ్లు. ఇక్కడ మగవాళ్ళలో ఎక్కువమంది 60, 70 పౌండ్లు లాగుతారు, చేతులు కూడా పొడుగు. వాళ్ళకోసం రాసిన సలహాలు నాకు సగం కూడా పనికిరావని అక్కడే అర్థమైంది. బలమైన విల్లుతో బాణం ఎంపికలో తేడా వచ్చినా చెల్లిపోతుంది. నా విల్లుకు అంత మిగులు లేదు.

తర్వాత స్పైన్. షాఫ్ట్ ఎంత గట్టిది అన్నదానికి కొలత అది. 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద షాఫ్ట్‌ను ఆనించి, మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీసి, ఎంత వంగిందో చూస్తారు. అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 500 వంగితే అది 500 స్పైన్, 340 వంగితే 340. అంటే అంకె తగ్గేకొద్దీ షాఫ్ట్ గట్టిది. కొత్తవాళ్ళు ఇక్కడే తికమక పడతారు.

అయితే ఈ కొలత బల్ల మీద లెక్క. విల్లులోంచి వెళ్ళేటప్పుడు బాణం ఎంత వంగుతుందన్నది మరో మూడు నాలుగు విషయాల మీద ఆధారపడుతుంది. పొడుగు వెదురు బద్దను వంచితే ఇట్టే వంగుతుంది, దాన్నే సగానికి కోస్తే చేతికి లొంగదు. షాఫ్ట్ కూడా అంతే, పొట్టిగా కోసేకొద్దీ గట్టిపడుతుంది. మొన వైపు బరువు పెంచితే మెత్తబడినట్టు ప్రవర్తిస్తుంది. డ్రా వెయిట్ పెరిగినా అంతే. అందుకని "నాకు 50 పౌండ్లు, ఏ స్పైన్ కొనాలి?" అన్న ప్రశ్నకు జవాబు లేదు. పొడుగెంత, మొన బరువెంత అన్నవి కూడా చెబితేనే జవాబు దొరుకుతుంది.

నేను ముందే అనుకుని రెండు రకాలు, అరడజను చొప్పున కట్టించాలని వెళ్ళాను. ఒకటి తేలికది, ఒకటి బరువైనది. చార్టులు చూసి తేల్చుకునే బదులు నా విల్లుతోనే కొట్టి చూడాలని.

ఇక్కడ బరువులన్నీ గ్రెయిన్లలో చెబుతారు. ఒక గ్రాముకు 15 గ్రెయిన్ల పైచిలుకు, ఒక పౌండుకు 7000. రెండు రకాలకూ ఈస్టన్ యాక్సిస్ 5 మిల్లీమీటర్ల షాఫ్టులే తీసుకున్నాను, 26.5 అంగుళాలకు కోయించాను. మొదటి రకం 500 స్పైన్. అంగుళానికి 8.1 గ్రెయిన్లు. దానికి మామూలు అల్యూమినియం ఇన్సర్ట్ (మొన బిగించడానికి షాఫ్ట్ లోపల అతికించే ముక్క), 100 గ్రెయిన్ల మొన. నాక్ (నారికి తగిలించే వెనక కొస), వేన్లు కలిపితే మొత్తం 358 గ్రెయిన్లు తూగింది. రెండో రకం 400 స్పైన్, అంగుళానికి 9 గ్రెయిన్లు. దానికి 50 గ్రెయిన్ల ఇత్తడి ఇన్సర్ట్, 125 గ్రెయిన్ల మొన. మొత్తం దాదాపు 440. మొనలో అంత బరువు పెడుతున్నాను కాబట్టే ఇక్కడ స్పైన్ ఒక మెట్టు గట్టిది తీసుకోవాల్సి వచ్చింది.

4 మిల్లీమీటర్ల సన్న షాఫ్టుల గురించి కూడా ఆలోచించాను. పక్కగాలికి అవి తక్కువ కొట్టుకుపోతాయి, నా పాత అలవాటుకు చేతికి బాగుంటాయి కూడా. కానీ అంత సన్న గొట్టంలో మామూలు మొన మర లోపల పట్టదు, బయటినుంచి తొడిగే ముక్క కావాలి. ఎముకకు తగిలినప్పుడు వంగేది ముందు అదే. ధర కూడా ఎక్కువ. వదిలేశాను.

వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు కొట్టి చూస్తే తేలిక బాణం సెకనుకు 248 అడుగులు, బరువైనది 226 అడుగులు. చూడగానే మనసు తేలికదాని మీదికే పోయింది. టార్గెట్ అలవాటున్న వాళ్ళెవరికైనా అంతే, వేగం ఎక్కువైతే బాణం బల్లపరుపుగా వెళుతుందని, దూరం అంచనాలో తేడా వచ్చినా తట్టుకుంటుందని.

ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. 50 గజాల దగ్గర దూరాన్ని మూడు గజాలు తప్పుగా అంచనా వేస్తే తేలిక బాణం 4 అంగుళాల చిల్లర కిందో పైనో పడుతుంది. బరువైనది 5 అంగుళాల చిల్లర. అంటే సెకనుకు 22 అడుగుల వేగం నాకు కొనిపెట్టేది ఒక్క అంగుళం. మెళ్ళో దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ వేలాడుతుంటే మూడు గజాలు తప్పే ప్రశ్నే లేదు. గతిశక్తి చూస్తే రెండింటికీ 49, 50 అడుగుల పౌండ్ల దగ్గరే, తేడా లేనట్టే. ద్రవ్యవేగం మాత్రం బరువైనదానికి 12 శాతం ఎక్కువ. బాణం ఒంట్లోకి దిగాక ఆగకుండా ముందుకు పోవడానికి పనికొచ్చేది ఇదే. అడవి పందిలో మగదానికి భుజం మీద దళసరి పొర ఒకటి ఉంటుంది, వేళ్ళతో తట్టి చూస్తే టైరు రబ్బరు గుర్తొచ్చేంత గట్టిది. దాన్ని తలచుకుంటే ఆ 12 శాతం చిన్నదేం కాదు.

ఇంకా బరువు పెంచమని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. డాక్టర్ ఎడ్ ఆష్‌బీ ఆఫ్రికాలో చేసిన పరీక్షల్ని చూపించి 650 గ్రెయిన్లు దాటితేనే పెద్ద ఎముకలు విరుగుతాయంటారు. ఆయన పని మీద నాకు గౌరవం ఉంది. కానీ నా 50 పౌండ్ల విల్లుతో 650 గ్రెయిన్ల బాణం సెకనుకు 190 అడుగులు కూడా దాటదు. దాంతో 60 గజాల్లో సాధన చేయాలంటే సైట్ దాని అడుగు దాకా దింపాలి. టెక్సాస్ జింకకు అంత అవసరమూ లేదు.

తర్వాత మొన. సాధనకు వాడే ఫీల్డ్ పాయింట్ గుండ్రంగా, రెక్కలు లేకుండా ఉంటుంది. బాణం కాస్త వంకరగా బయలుదేరినా వెనక వేన్లు సర్దుకుని దారిలో పెడతాయి. వేట మొనకు, అంటే బ్రాడ్‌హెడ్‌కు, ముందు భాగంలోనే బ్లేడ్లు ఉంటాయి. అవి గాలిని పట్టుకుని బాణాన్ని తమ వైపు లాగుతాయి. విల్లు ట్యూనింగ్‌లో లోపం ఉంటే ఫీల్డ్ పాయింట్ చెప్పదు, బ్రాడ్‌హెడ్ వెంటనే చెబుతుంది.

తగిలాక తెరుచుకునే మెకానికల్ బ్రాడ్‌హెడ్లు ఫీల్డ్ పాయింట్ లాగే ఎగురుతాయి, దూరానికి బాగుంటాయి. కానీ బ్లేడ్లు తెరుచుకోవడానికి కొంత శక్తి ఖర్చవుతుంది. వెడల్పాటి గాటు ముందుకు తొయ్యడానికి ఇంకొంత. 70 పౌండ్లు లాగేవాళ్ళు ఆ ఖర్చు భరించగలరు. నేను రెండు బ్లేడ్ల ఫిక్స్‌డ్ మొన తీసుకున్నాను, అంచు తగిలిన క్షణం నుంచే కోసుకుంటూ పోయే రకం.

40 గజాల్లో ఫీల్డ్ పాయింట్లు ఒక గుంపు, బ్రాడ్‌హెడ్లు దానికి ఎడమ పక్క ఇంకో గుంపు. బ్రాడ్‌హెడ్ ఎటు రావాలో, విల్లు మీద బాణం ఆనే రెస్టును అటువైపు జరపాలి. ఎంతో కాదు, అంగుళంలో ముప్ఫై రెండో వంతు. జరపడం, కొట్టడం, మళ్ళీ జరపడం. కొన్ని సాయంత్రాలు దీనికే పోయాయి. బరువైన బాణాలతో రెండు గుంపులూ ఒక్కచోటికి వచ్చేశాయి. తేలికవి దగ్గరికి వచ్చాయి గానీ గుంపు పలచగానే ఉండిపోయింది. కారణం నాకు తోచినంతలో బాలెన్స్. బాణం బరువు కేంద్రం దాని సగానికి ఎంత ముందుకుంది అన్నదాన్ని శాతంలో చెబుతారు, ఎఫ్‌ఓసీ అంటారు. తేలికదానికి 13 శాతం, బరువైనదానికి 17. బరువు ముందుకున్న కొద్దీ వెనక వేన్లకు పట్టు పెరిగి, ముందు బ్లేడ్ల ఆటను అవి అదుపు చేయగలుగుతాయి.

అక్కడితో 440 గ్రెయిన్లే అని తేల్చేశాను. మిగతా అరడజను షాఫ్టులు కొని ఈసారి నేనే ఇంట్లో కట్టుకున్నాను.

నిజం చెప్పాలంటే దూరపు గురికి ఈ భాగమే అన్నిటికన్నా ముఖ్యం, దీని గురించే అందరూ తక్కువ మాట్లాడతారు. షాపులో స్పైన్, వేగం, బ్రాండ్ అని గంట వాదిస్తారు. ఒకే డబ్బాలోంచి తీసిన పన్నెండు షాఫ్టులు ఒకదానిలా ఒకటి ఉన్నాయా అని చూసేవాళ్ళు తక్కువ. 20 గజాల్లో తేడా కనిపించదు. 60 గజాలకు వెళ్ళేసరికి ఒక బాణం ఎప్పుడూ గుంపుకు దూరంగా పడుతుంటుంది, మనమేమో చెయ్యి వణికిందనుకుంటాం.

షాఫ్ట్‌లో వంకర ఉంటే ఎక్కువగా కొసల్లోనే ఉంటుంది. అందుకని పొడుగు తగ్గించేటప్పుడు ఒక్క వైపే కోయకుండా రెండు కొసలూ కొంచెం కొంచెం కోశాను. రంపం తిరిగేటప్పుడు వచ్చే కార్బన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్క్ తప్పనిసరి. కోసిన కొసను స్క్వేరింగ్ టూల్‌లో పెట్టి, మార్కర్‌తో రుద్దిన రంగు సమానంగా పోయేదాకా అరగదీశాను. ఈ పని సరిగా చేయకపోతే మొన ఒక పక్కకు వాలి కూర్చుంటుంది. ఎపాక్సీతో ఇన్సర్ట్‌లు అతికించి ఒక రాత్రంతా వదిలేశాను. మొన బిగించాక అరచేతిలో ఆనించి గిర్రున తిప్పి చూస్తే ఒక్క వణుకు కూడా తెలియకూడదు. తెలిస్తే ఆ బాణం వేటకు వద్దు.

వేన్లకు నాలుగు పెట్టాను, పొడుగ్గా, ఎత్తు తక్కువగా ఉన్నవి, కాస్త మెలి తిప్పి. పొట్టిగా, ఎత్తుగా ఉండే రెండు అంగుళాల వేన్లు బ్రాడ్‌హెడ్‌ను త్వరగా దారికి తెస్తాయి, కానీ మా వైపు ఈదురుగాలి రోజుల్లో 60 గజాల దగ్గర బాణాన్ని పక్కకు ఈడ్చేస్తాయి. తేలిక బాణానికీ బరువు బాణానికీ మధ్య గాలి తేడా నా కంటికి ఆనలేదు గానీ, వేన్ ఎత్తు తేడా మాత్రం బాగా ఆనింది. ఇంకో మాట. జులైలో బాణాల్ని కారు డిక్కీలో వదిలేయకండి. ఇక్కడి ఎండకు జిగురు లొంగిపోతుంది, హాట్‌మెల్ట్‌తో అతికించిన వాటి పరిస్థితి మరీ ఘోరం.

కట్టిన ప్రతి బాణం మీదా నంబరు రాశాను. ఎన్ని సార్లు కొట్టినా ఒకే దిక్కుకు పడే నంబర్లు తెలిసిపోయాయి. వాటిని పారెయ్యక్కర్లేదు. నాక్‌ను కొంచెం తిప్పి మళ్ళీ కొట్టాలి. కార్బన్ షాఫ్ట్ చుట్టూ గట్టిదనం ఒకేలా ఉండదు, నారి తోసేటప్పుడు ఆ గట్టి వైపు ఎటుందన్నదాన్ని బట్టి బాణం పోకడ మారుతుంది. తిప్పితే చాలావరకు గుంపులోకి వచ్చేశాయి. ఎంత తిప్పినా దారికి రాని ఒకటి రెండింటిని దగ్గరి సాధనకు పడేశాను. బరువు తేడా రెండు గ్రెయిన్ల లోపే ఉండేలా చూసుకున్నాను. షాఫ్ట్ వంకర ఎంత ఉండొచ్చు అన్న హామీని బట్టి ధర పెరుగుతుంది, .006 అంగుళాలది చవక, .001 ఖరీదు. నేను మధ్యలో .003 తీసుకున్నాను. మిగిలిన డబ్బుతో అదే షాఫ్టులు ఇంకో సెట్ కొని, పైన చెప్పినట్టు ఏరుకోవడమే మేలని నా అభిప్రాయం.

సాధన మొదలుపెట్టే ముందు ప్రతిసారీ ప్రతి బాణాన్నీ రెండు చేతులతో పట్టుకుని వంచి, మెలితిప్పి, చెవి దగ్గర పెట్టుకుంటాను. చిటచిటమన్నా, గోరుకు పగులు తగిలినా అది చెత్తబుట్టలోకే. పగిలిన కార్బన్ బాణం నారి దెబ్బకు ముక్కలై చేతిలో దిగుతుంది. ఈ హెచ్చరికను షాఫ్ట్ మీదే అచ్చువేస్తారు, అయినా దగ్గరున్న బాణాలు బాగానే ఉన్నాయిలే అనుకుని వదిలేసేవాళ్ళే ఎక్కువ.

70 గజాల దాకా ఈ బాణంతో హాయిగా కొడుతున్నాను. అది దాటితే నా వేగానికి సైట్ ఎంతో కిందికి దించాలి, అప్పుడు బాణం వెళుతూ సైట్ అంచుకు వేన్ రాసుకుంటుంది. 50 పౌండ్ల విల్లుకు ఆ హద్దు ఉంటుంది, దాంతో గొడవ పడి లాభం లేదు.

అయితే 70 గజాల్లో కొట్టగలను కదా అని అంత దూరంలో జింక మీద కొట్టను. దీని మీద రేంజ్‌లో వాదనలు అవుతుంటాయి. నా లెక్క ఇది. శబ్దం సెకనుకు 1100 అడుగులు దాటి వెళుతుంది, నా బాణం 226. 50 గజాల్లో జింక చెవికి నారి చప్పుడు చేరిన తర్వాత కూడా బాణం రావడానికి అర సెకను పైగా పడుతుంది. బెదిరిన జింక పరుగెత్తడానికి ముందు ఒళ్ళు కిందికి కుదించుకుంటుంది. గుండెకు పెట్టిన గురి ఆ అర సెకనులో వెన్ను మీదికి పోతుంది. టార్గెట్ ఫేస్ కదలదు. 25 గజాల్లో ఆ వ్యవధి పావు సెకను చిల్లర. అందుకే నా హద్దు 25. దూరపు సాధన నాకు దేనికంటే, 60 గజాల్లో గుంపు నిలిచిందంటే బాణంలో, విల్లులో, నా చేతిలో దాక్కున్న లోపం ఇంకేమీ మిగల్లేదని తెలియడానికి.

అక్టోబరులో పెద్దాయన పొలంలో స్టాండ్ ఎక్కాను. పొద్దున్నే పందులు వచ్చాయి గానీ పొదల మాటున దారి దొరకలేదు. మరో సాయంత్రం ఒక ఆడ జింక 20 గజాల లోపలికి వచ్చి పక్కకు తిరిగి నిలబడింది. బాణం పక్కటెముకల మధ్య నుంచి దూసుకుపోయి అవతల మట్టిలో దిగింది. "అరగంట కదలకు, తొందరపడి వెనకాల పోతే అది ఇంకా దూరం పోతుంది," అన్నారు పెద్దాయన. అరగంట తర్వాత చూస్తే ఎంతో దూరం పోలేదు. బాణాన్ని కడిగి చూశాను, షాఫ్ట్ చెక్కుచెదరలేదు. ఒకవేళ లోపలే విరిగి ఉంటే ఆ చుట్టుపక్కల మాంసం మొత్తం తీసి పారేయాలి, కార్బన్ పోగులు కంటికి కనిపించవు. మొన అంచు మాత్రం మొద్దుబారింది, దాన్ని నూరి మళ్ళీ పెట్టుకున్నాను. మాంసం సగం పెద్దాయనకు, సగం మా డీప్ ఫ్రీజర్‌లోకి. మిరియాల వేపుడు చేస్తే మా ఆయన ఇది మేకేనా అని అడిగి మరీ రెండోసారి పెట్టించుకున్నారు.

ఇప్పుడు ఆయనకూ విల్లు మీద ఆశ పుట్టింది. ఓ విల్లు కొనుక్కొచ్చారు, 29 అంగుళాలు, 60 పౌండ్లు. "నీ బాణాలు డజను ఉన్నాయిగా, సగం నాకివ్వు" అంటున్నారు. నావి ఆయన విల్లుకు పొట్టి, లాగితే రెస్టు వెనక్కి జారి చేతిలో దిగుతాయి. స్పైన్ కూడా మెత్తన. ఆయనకు 340 వరకు కావాలి. శనివారం షాపుకు తీసుకెళుతున్నాను, ఆయన డబ్బులతోనే.